చిన్నదొర పంపిన సర్వోలు

విమానం అంటే మా ఆయనకు దేవుడు. నాకు ఆముదం కంపు. విమానం పేరెత్తితే ఎవరికైనా ఆకాశం గుర్తుకొస్తుందేమో గాని, నాకు అరవై ఆరు ఎండాకాలంలో హుస్నాబాద్‌లోని మా రేకుల ఇల్లు, గోడల దాకా పాకిన నూనె మరకలు, సబ్బు అరిగినా జిడ్డు వదలని చీరలు గుర్తుకొస్తాయి. ఆ ఎండాకాలం తలుచుకుంటే ఇప్పటికీ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటాను. అది నూనె ఒక్కదాని వల్ల కాదు.

మా ఆయన పేరు కైలాసం. బేగంపేటలో విమానాల షెడ్డులో ఫిట్టరుగా చేసి, మా మామ పోయాక ఊరికి తిరిగొచ్చి, బస్సులు ఆగే చోట ఆయిల్ ఇంజన్ల మరమ్మతు దుకాణం పెట్టుకున్నాడు. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరు బావికి ఇంజను కొనాలన్నా ముందు ఈయన దగ్గరికే వచ్చేవాళ్లు. బావి ఎంత లోతు, ఊట ఎట్లా ఉంది, మడి ఎంత ఎత్తున ఉంది అని అడిగి, ఫలానాది తీసుకో అనేవాడు. ఆ మాటకు తిరుగు లేదు. మనిషికి పొగరు కూడా ఉండేది. మా తల్లిగారి ఊళ్లో దొర ఉండే గడి ముందు నుంచి పోయేటప్పుడు పెద్దా చిన్నా అందరూ చెప్పులు విప్పి చేత పట్టుకునేవారు. ఈయన మాత్రం బేగంపేట నల్ల బూట్లు టకటకలాడించుకుంటూ నడిచేవాడు. ఎవరైనా భయపడి చెప్పబోతే, "నాడాలున్నయ్ గదా, ఇప్పి కట్టుడు నాతోని గాదు" అని నవ్వేవాడు. పెళ్లయిన కొత్తలో ఆ బూట్ల చప్పుడు వింటే నాకు ఎక్కడలేని గర్వం.

ఖాళీ దొరికినప్పుడల్లా చిన్న విమానాలు చేసేవాడు. తేలిక కర్ర, దాని మీద పలుచటి పట్టుగుడ్డ, ముక్కు దగ్గర గుప్పెట్లో పట్టేంత ఇంజను. రెండు తీగలు కట్టి చేత పట్టుకుని నిలబడితే అది ఆయన చుట్టూ ఈగలా జుయ్యిమంటూ తిరిగేది. అక్కడితో ఆగి ఉంటే నాకేం బాధ లేదు. కానీ తీగలు లేకుండా, రేడియోతో నడిచి, ఆకాశంలో పల్టీలు కొట్టే విమానం చేయాలని ఆయన తపన. దానికి కావలసిన సామాను బొంబాయి దాటి వచ్చేది కాదు. వచ్చినా మాబోటివాళ్ల చేతికి అందేది కాదు.

ఇక నన్ను కన్న మా అవ్వ సంగతి. ఆమె పేరు దేవవ్వ. హుస్నాబాద్‌కు మూడు మైళ్ల దూరంలో మా తల్లిగారి ఊరు. బాపు బతికున్నప్పటి నుంచీ దొర భూమిని కౌలుకు చేస్తున్నారు. బాపు పోయాక అవ్వే అరక కట్టింది. కౌలుకు దున్నినవాళ్లకు హక్కు వస్తుందని సర్కారు చెప్పాక అవ్వ అర్జీ పెట్టుకుంది. దొర ఏమన్నాడంటే, ఆ భూమిని దేవవ్వ ఏనాడూ దున్నలేదు, తన జీతగాళ్లే దున్నారు అన్నాడు. ఊళ్లో ఒక్కరు నోరు విప్పితే ఒట్టు. అవ్వకు మిగిలిన రుజువు ఒక్కటే, బావి మీది ఆయిల్ ఇంజను. అవ్వ తన వెండి కడియాలు అమ్మి కొన్నది. కరీంనగర్‌లో మూతపడ్డ పిండిగిర్నీ నుంచి మా ఆయనే ఏరి, బండి మీద తెచ్చి బిగించాడు. పాత ఇంజను, దానికి కాగితమూ లేదు కలమూ లేదు. ఇది ఎవరిదంటే చెప్పగలిగినవాడు తెచ్చి బిగించినవాడే. తహసీల్దారు మోకా మీదికి, బావి దగ్గరికే వచ్చి విచారణ చేస్తాడని, ఆ రోజు అల్లుడు వచ్చి ఒక్క మాట చెబితే చాలని అవ్వ ధైర్యంగా ఉంది.

ఇట్లా ఉండగా చైత్రం చివర్లో మా దుకాణం ముందు గడి జీపు ఆగింది. దొర కొడుకు చిన్నదొర హైదరాబాద్‌లో చదువుకుని, బొంబాయి తిరిగి వచ్చాడట. కైలాసాన్ని ఒకసారి వచ్చి పొమ్మంటున్నాడని డ్రైవరు చెప్పాడు. ఈయన బూట్లు తుడుచుకుని జీపెక్కి పోయాడు.

ఎండ నెత్తి మీదున్నప్పుడు తిరిగొచ్చాడు. జీపులో కాదు, నడుచుకుంటూ. రెండు చేతులతో ఒక అట్టపెట్టెను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. బూట్లు రెండూ నాడాలతో కలిపి ముడేసి మెడకు వేలాడుతున్నాయి. పాదాలు దుమ్ముకొట్టుకుపోయి, అరికాళ్ల అంచులు ఎర్రగా కాలి ఉన్నాయి.

"గిదేంది? బూట్లు మెడకేసుకున్నవ్?" అన్నాను.

"గడి లోపలికి పోవాలె గదా. ఇప్పిన."

"మరి బయటికొచ్చినంక ఏసుకోవా?"

"డబ్బా కింద పెట్టాలె గదనే! నాజూకు సామాను. జర దారి తప్పుకో."

మూడు మైళ్లు, ఆ ఎండలో, వట్టి కాళ్లతో. నీళ్లిస్తే తాగకుండా ముందు పెట్టె విప్పాడు. నేను ఆ కాళ్ల వంక చూస్తూ నిలబడ్డాను. నాకు జాలి కలగలేదు, రోత కలిగింది. మొగుడి మీద అట్లా అనిపించడం అదే మొదటిసారి.

పెట్టెలో రెండు ఇంజన్లు, గడ్డిలో చుట్టిన నల్ల డబ్బీలు కొన్ని, రేడియో సామాను. చిన్నదొర విమానం చేయించుకుంటాడట. ఏ ఇంజను పెట్టాలో, ఏ సర్వోలు పెట్టాలో కైలాసమే ఎంచాలట. "నీ పసందు కైలాసం, నేను నడిమిట్ల మాట్లాడ అన్నడే చిన్నదొర. ఎగిరేసేది గూడ నువ్వే అన్నడు" అని రెండుసార్లు చెప్పాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో మనుషులకు చోటు లేదు. రెండు ఇంజన్లలో ఒకటి విలాయతిది. దానికి ప్లగ్గు ఉండదు. ఈథరు, కిరసనాయిలు, ఆముదం కలిపి పోయాలి. ఆస్పత్రిలో పీనుగు పక్కన దీపం పెట్టినట్టు ఉంటుంది ఆ వాసన. రెండోది జపానుది. దాని ప్లగ్గును బ్యాటరీతో ఎర్రగా కాల్చి, స్పిరిటు, ఆముదం కలిపి పోసి ముక్కు మీది పంకా రెక్కను వేలితో తిప్పితే ఒక్కసారిగా కీచుమని లేస్తుంది. వీధి చివర కుక్కలు ఊళ పెట్టేవి. రెండింటి పొగగొట్టాల నుంచీ కాలిన ఆముదం తుంపర్లుగా చిమ్మేది. గోడ మీద, పప్పు గిన్నె మీద, నా జుట్టు మీద. గానుగ నుంచి ఆముదం తెచ్చేది నేనే. ఇంట్లో వండిన ఆముదంలో తడి ఉంటుంది, పనికిరాదు అని తిప్పి పంపేవాడు. బాలింతకు తేవడానికి కూడా అంత ఎంచి తేలేదు నేను.

ఎంచడమంటే అట్లా ఇట్లా కాదు. విమానాన్ని బల్ల మీద నిలిపి, తోకకు తూకం కాటా కట్టి, ఏ ఇంజను ఎంత గుంజుతుందో చూసేవాడు.

"విలాయతిదానికి బలమున్నది చంద్రా. దున్నపోతు లెక్క గుంజుతది. గని దాన్ని తగ్గించుడు పెంచుడు మన చేతుల లేదు. పట్టిందంటే పట్టిందే. పల్టీ కొట్టేటప్పుడు పైకి ఎక్కేదాంక దమ్ము గావాలె, కిందికి దిగేటప్పుడు తగ్గాలె. లేకుంటే రెక్కలు ఇరుగుతయ్."

"మరి జపానుది పెట్టు. నా పానం తియ్యకు."

"గట్లెట్ల పెడత? తలకిందులైనప్పుడు దానికి నూనె అందుతదో లేదో సూడాలె గదా."

ఇక విమానాన్ని తలకిందులుగా వాసానికి వేలాడదీసి ఇంజను నడపడం. పైనుంచి కారిన జిడ్డు నేను పరుచుకునే చాప మీద. చివరకు జపానుదే ఖాయం చేశాడు. ట్యాంకు లోపల గొట్టానికి చిన్న సీసపు గుండు కట్టాడు, ఎటు తిరిగినా గొట్టం నూనెలోనే ఉండేటట్టు. ఆ తెలివికి ఆయనకు ఆయనే మురిసిపోయి నిద్రపోలేదు.

సర్వోల ఎంపిక అంతకన్నా జోరు. సర్వో అంటే అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్ద నల్ల డబ్బీ. దానికి ఒక చిన్న చేయి. కింద నిలబడి మీట నొక్కితే రేడియో చెప్పినట్టు ఆ చేయి కదిలి విమానం తోకనో, రెక్కనో తిప్పుతుంది. మీట వదిలితే మళ్లీ మొదటి చోటికి వచ్చి నిలబడాలి. మూడు రకాలు పంపాడు చిన్నదొర. ఒకటి బలమైనదే గాని మెల్లగా కదులుతుంది. ఇంకొకటి చురుకైనదే గాని వచ్చి నిలిచాక కూడా వణుకుతూనే ఉంటుంది. మూడో రకానికి తూకం రాళ్లు వేలాడదీసి చూశాడు. చెప్పగానే పోయింది, వదలగానే వచ్చింది, వచ్చిన చోట కదలకుండా నిలబడింది.

"సూడే, ఎంత మంచిగ ఇంటున్నదో! ఎటు పొమ్మంటే అటు. వదిలితె మల్ల తన జాగలనే."

"గడిల గసుంటోళ్లు మస్తుగున్నరు. నువ్వు బొంబాయి నుంచి తెప్పిచ్చుడెందుకు?" అన్నాను.

ఆయనకు ఆ మాట వినపడలేదు. తోకకు రెండు, రెక్కలకు ఒకటి, ఇంజను హెచ్చుతగ్గులకు ఒకటి, అన్నీ ఆ మూడో రకానివే కావాలని గడికి కబురు పంపాడు. అవి వచ్చినరోజు మళ్లీ వట్టి కాళ్లతోనే వచ్చాడు. ఈసారి బూట్లు ఇంట్లోనే విప్పి పోయాడు.

నేను ఆ కంపు పడలేక అవ్వ దగ్గరికి వెళ్లాను. అప్పటికే చెరువు నెర్రెలిచ్చింది. అవ్వ బావి దగ్గర మిరప చేనుకు ఆ కాస్త నీళ్లూ పెడుతోంది. గట్టున సారయ్య నిలబడి ఉన్నాడు. ఆయనకు మా పక్కనే చిన్న మెట్ట చెలక ఉంది, నాలుగు గొర్లున్నాయి. మా బాపుకు దోస్తు.

"దేవక్కా, నేను గూడ వచ్చి చెప్త. నువ్వు దున్నంగ నేను కండ్లార సూసిన. దొర ఏం జేస్తడు? మహా అంటె నాలుగు గొర్లను తోలుకపోతడు" అన్నాడు.

నా ప్రాణం లేచి వచ్చింది. ఊరంతటిలో ఒక్క మనిషి తనంత తానుగా ముందుకొచ్చాడు. అవ్వ మాత్రం కొంగుతో చేతులు తుడుచుకుని, "వద్దు తమ్మీ" అంది.

"ఎందుకే అవ్వా?" అన్నాను.

"ఇంటి అల్లుడుండంగ బయటోన్ని నిలబెడ్తరా? అత్తకు అల్లుని మీద నమ్మకం లేదని నలుగురు నవ్వరా? ఆయన ఇజ్జత్ ఏం గావాలె? కడుపు కోసుకుంటె కాళ్ల మీద పడ్తదన్నట్టు, ఆయన్ను తక్కువ జేస్తె నిన్ను తక్కువ జేసినట్టే గదనే బిడ్డా."

మా దిక్కు అది మామూలే. పంచాయితీ అయినా, పెళ్లి మాటలయినా, అల్లుడు ఉన్నచోట పరాయివాణ్ని ముందు నిలబెడితే అల్లుణ్ణి గడప బయట కూర్చోబెట్టినట్టే. సారయ్య కూడా ఆ మాటకు తల ఊపాడు. "అవు, అదీ నిజమే" అన్నాడు. మేత లేక ఆయన ఆ వారమే గొర్లను తోలుకుని మహదేవపూర్ అడవుల దిక్కు వెళ్లిపోయాడు.

మెడకు బూట్లు వేసుకుని వచ్చిన సంగతి నేను అవ్వకు చెప్పలేదు. ఎట్లా చెప్పను?

కొన్నాళ్లకు మోకా విచారణ దినం ఊళ్లో చాటింపు వేశారు. ఆ మరునాడే గడి జీపు మా దుకాణానికి వచ్చింది. చిన్నదొరకు సంబంధం ఖాయమైంది, పిల్ల తరఫువాళ్లు విందుకు వస్తున్నారు, గడి వెనుక బీడులో విమానం ఎగరేసి చూపించాలి. దినం అదే.

"అదే దినం ఎందుకు పెట్టిండు?" అన్నాను.

"చుట్టాలు వచ్చేది ఆ దినమే గదా. నీకు ప్రతిదాంట్ల పురుగులే కనబడ్తయ్."

"తహసీల్దారు పొద్దుగాలనే వస్తే?"

"ఏ తహసీల్దారు పొద్దుగాల్ల వచ్చిండే? ఎండ సల్లబడ్డంక జీపు దిగుతరు వాళ్లు. నేను పొద్దున ఎగిరిచ్చి, అటునుంచి అటే బాయికాడికి వస్త. గడికి, బాయికి ఎంత దూరం? కేకేస్తె ఇనబడ్తది. ఫికర్ చెయ్యకు."

"నువ్వు రాకుంటె అవ్వ బతుకు బజార్ల పడ్తది."

"నాకు తెల్వదా? ఇంజన్ పెట్టింది నేను. నేను గాక ఎవలు చెప్తరు?" అని, ఆ మాటతోనే సర్వో చేతికి పుల్ల తగిలించడానికి వంగాడు.

తహసీల్దారు పొద్దుటే వచ్చాడు. ఎండ ముదరకముందే పని చూసుకుని పోదామనుకున్నాడట. బావి దగ్గరి వేపచెట్టు కింద కుర్చీ వేశారు. పక్కన బిళ్ల జవాను, ఎదురుగా చేతులు కట్టుకుని దొర పద్దులు రాసే ముంషీ. ముంషీ తీరిగ్గా చెప్పుకుపోయాడు: భూమి దొరది, దున్నింది దొర మనుషులు, ఇంజను దొర పెట్టించింది, ఈ ముసలామె నీళ్లు మలిపే కూలి మనిషి.

"అబద్ధం సారూ" అంది అవ్వ. "ఇంజన్ నాది. మా అల్లుడు పెట్టిండు."

"ఏడీ మీ అల్లుడు?"

"వస్తున్నడు సారూ."

అప్పుడే గడి దిక్కు నుంచి కీచుమని ఆ చప్పుడు లేచింది. నాకు తెలిసిన చప్పుడే. నేను చెప్పు కూడా తొడుక్కోకుండా మక్క కొయ్యకాళ్ల మీదుగా పరుగెత్తాను.

బీడులో షామియానా, కుర్చీలు, గాజు గ్లాసుల్లో షర్బత్. నేను చేరేసరికి విమానం దిగి ఉంది, జనం చప్పట్లు కొడుతున్నారు. ఊరు ఊరంతా దూరంగా గుంపుగా నిలబడింది. మా ఆయన మోకాళ్ల మీద కూర్చుని పంపుతో ట్యాంకులోకి నూనె ఎక్కిస్తున్నాడు. మోచేతుల దాకా జిడ్డు. ముఖం పెళ్లికొడుకులా వెలిగిపోతోంది.

"తహసీల్దారు వచ్చి కూసున్నడు. నడువ్" అన్నాను ఎగపోస్తూ.

తలెత్తి చూశాడు. ఒక్క క్షణం నన్ను గుర్తుపట్టనట్టే ఉన్నాడు. "వచ్చిండా? ఇగో, ఒక్క చక్కర్. ట్యాంకు నింపిన."

"ఆ నూనె కింద పారబోయి. అవ్వ అక్కడ ఒక్కతే ఉన్నది."

"ఇప్పుడే తలకిందుల పల్టీ సూస్తమన్నరు వాళ్లు. ఒక్కటే. నువ్వు నడువ్, నేను ఎనకనే వస్త."

షామియానా లోంచి చిన్నదొర అడిగాడు. "ఏంది కైలాసం? ఎవరామె?"

ఆయన లేచి నిలబడి చేతులు తుడుచుకున్నాడు.

"మా ఇంటామె దొరా. ఏం లేదు."

అని మళ్లీ కూర్చుని ప్లగ్గుకు బ్యాటరీ తగిలించాడు. నేను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను. పంకా రెక్కను వేలితో తిప్పితే ఇంజను అందుకుంది, కాలిన ఆముదం తుంపర వచ్చి నా ముఖాన పడింది. తుడుచుకుని వెనక్కి తిరిగాను.

నేను బావి దగ్గరికి చేరేసరికి అది మా నెత్తి మీదికే వచ్చింది. అబద్ధం చెప్పను, అంత అందమైనది నేను మళ్లీ చూడలేదు. నిలువునా పైకెక్కి, ఎండలో ఒక్క మెరుపు మెరిసి, వెల్లకిలా తిరిగి, గుండ్రంగా కిందికి జారి మళ్లీ లేచింది. ఎక్కడా తడబాటు లేదు. ఆయన ఎంచిన ఇంజను, ఆయన ఎంచిన సర్వోలు, ఒక్కటీ ఆయన మాట జవదాటలేదు. అంత అందాన్ని అంత నీచమైన పూట చూడవలసి వచ్చింది.

తహసీల్దారు కుర్చీ లోంచి లేచి నిలబడ్డాడు. జవాను నోరు తెరిచాడు. అందరికన్నా ముందు మా అవ్వ, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, పిల్లలా నవ్వింది.

"అగో సారూ, అగో! అది ఎగిరిచ్చేది మా అల్లుడే!"

ముంషీ ఆ మాట కోసమే పుట్టినట్టు అందుకున్నాడు. "ఇన్నరా సార్? ఆమె నోటితోనే చెప్పింది. ఆ కైలాసం మా దొర దగ్గర పనిజేస్తడు. దొర పెట్టమంటె ఇక్కడ ఇంజన్ పెట్టిండు, దొర ఎగిరియ్యమంటె అక్కడ ఎగిరిస్తుండు."

"అవునామ్మా? మీ అల్లుడు దొరగారి దగ్గర పని చేస్తున్నాడా?" అన్నాడు తహసీల్దారు, కళ్లు ఇంకా ఆకాశం మీదే ఉంచి.

"సేస్తుండు సారూ. మస్తు పనోడు" అంది అవ్వ.

నేను అడ్డంపడి అరిచాను. ఇంజను కథంతా చెప్పాను, కడియాలు చెప్పాను, పిండిగిర్నీ చెప్పాను. తహసీల్దారు ఓపిగ్గానే విన్నాడు. "నువ్వు కూతురివమ్మా. నీ మాట ఎట్లా రాసుకోను? బిగించినవాణ్ని రమ్మను, కాసేపు చూస్తాను" అన్నాడు. చూశాడు కూడా. చప్పుడు ఆగింది. విమానం దిగిందన్నమాట. మేం ముగ్గురం నలుగురం గడి దారి వంకే చూస్తూ కూర్చున్నాం. అవ్వ కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, "వస్తడు సారూ, వస్తడు" అంటూనే ఉంది. తర్వాత మళ్లీ కీచుమని లేచింది ఆ చప్పుడు. తహసీల్దారు జవాను వంక చూశాడు. జవాను కుర్చీ మడిచాడు.

ఆ సాయంత్రం మా ఆయన అవ్వ ఇంటికి వచ్చాడు. అవ్వ కాళ్లకు నీళ్లిచ్చింది. నేను చూస్తుండగానే గంప కింది కోడిని పట్టింది.

"గీయనకు కోడి కోస్తవానే?" అన్నాను.

"లొల్లి జెయ్యకు. అల్లుడు ఇంటికొచ్చిండు."

కోసింది, వండింది, పీట వేసింది. ఆయన కూర్చుని తిన్నాడు. గోళ్లలో నల్లటి జిడ్డు అట్లాగే ఉంది, ఆ వేళ్లతోనే కలుపుకుని తిన్నాడు. పిల్ల తండ్రి లేచి వచ్చి భుజం తట్టాడని, మూడోసారి గాలి తిరిగినా సర్వోలు వణకలేదని చెప్పాడు. సగం తిన్నాక గుర్తొచ్చి, "తహసీల్దారు ఏమన్నడు?" అని అడిగాడు.

"ఏమంటడు? ఇంజన్ ఉన్నది, పెట్టినోడు లేడన్నడు" అంది అవ్వ. ఇంకో గరిటెడు కూర వేసింది.

ఆయన చెయ్యి ఆగింది. "రేపు తహసీల్ కచేరికి పోయి నేనే చెప్త. ఎవలి ఇంజనో నాకు తెల్వదా?"

"తిను అల్లుడా. సల్లగైతది."

మరునాడు నిజంగానే కచేరికి పోయాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ పోయాడు. నేను గుమ్మం దగ్గరే కాచుకుని ఉన్నాను. వీధి మలుపు తిరుగుతూనే నవ్వుతూ కనిపించాడు. పని అయిందనుకున్నాను.

"చంద్రా! తహసీల్దారు సాబ్ మన విమానం సూసిండట! కుర్సీ ఏసి కూసోబెట్టి అడిగిండు, ఏ ఇంజను, ఏం కథ అని. గసుంటి పల్టీ జన్మల సూడలేదన్నడు."

"అవ్వ సంగతి?"

"ఆఁ. అది రాసి పంపిండట. ఇగ తన చేతుల లేదన్నడు."

ఆయనతో ఆ తర్వాత చాలా ఏండ్లు కాపురం చేశాను. పిల్లల్ని కన్నాను, వండిపెట్టాను, జ్వరమొస్తే తల పట్టాను. మంచివాడే, నన్ను ఏనాడూ చెయ్యెత్తి కొట్టలేదు. కానీ ఆ రెండు మాటలు ఏ వరుసలో చెప్పాడో, ఆ వరుసను నేను క్షమించలేదు.

భూమి, ఇంజను రెండూ దొరవేనని తీర్పు వచ్చింది. ఆ ఏడు వానలు ఆలస్యంగా పడ్డాయి. అవ్వ అదే మళ్లలో దొర కూలిగా నాటు వేయడానికి పోయింది. ఒక్కదాన్ని పంపబుద్ధికాక నేనూ పోయాను. నాట్లు సగంలో ఉండగా బావి మీది ఇంజను ఆగిపోయింది. ముంషీ హుస్నాబాద్‌కు మనిషిని పంపాడు. మా ఆయన పానాల సంచి భుజాన వేసుకుని వచ్చాడు. మా వంక చూడకుండా నేరుగా ఇంజను దగ్గరికి పోయి కూర్చున్నాడు, విప్పాడు, ఊదాడు, బిగించాడు. హ్యాండిల్ అందుకుని రెండు తిప్పులు తిప్పేసరికి పొగ కక్కి నడిచింది. కాలవలో నీళ్లు మా కాళ్ల దాకా పారాయి.

అల్లుడు గట్టు మీద నిలబడి ఉన్నాడని, అవ్వ నడుము లేపి, బురద చేత్తోనే కొంగు తల మీదికి లాక్కుంది. కూలివాళ్లంతా చూస్తున్నారు. నాకు ఆ నీళ్లు తగిలిన కాళ్లను తుడుచుకోవాలనిపించింది.

"చంద్రా, నీళ్లు సరిపోతున్నయా?" అని ఆయన గట్టు మీది నుంచి కేకేశాడు.

నేను నారు నాటుతూనే ఉన్నాను. అవ్వే చెప్పింది, తల వంచుకునే, చేతిలో నారు కట్ట విప్పుతూ.

"సరిపోతున్నయ్ అల్లుడా. దొరకు చెప్పు."